కన్ను తీయించాలా, కాపాడే ప్రయత్నం చేయాలా? రెటినోబ్లాస్టోమా (పసిపిల్లల కంటి క్యాన్సర్) వచ్చిన పిల్లల ఇంటివాళ్ళ కోసం

“కన్ను తీసేయాల్సి వస్తుందమ్మా” అని డాక్టరు గారు చెప్పినప్పుడు మా అక్క ఏడవలేదు. “ఏ కన్ను సార్?” అని అడిగింది. ఏ కన్నో తనకు తెలుసు. ఆరు నెలలుగా ఫొటోల్లో ఫ్లాష్ పడ్డప్పుడల్లా పాప కుడి కంటిపాప పిల్లికన్నులా తెల్లగా మెరుస్తోంది. మా ఊళ్ళో చూపిస్తే “చిన్న మెల్ల, పెరిగేకొద్దీ సర్దుకుంటుంది” అన్నారు. సర్దుకోలేదు. మా మేనకోడలికి రెండేళ్ళు నిండిన రెండో నెలలో హైదరాబాద్ తీసుకొచ్చేసరికి గడ్డ కంటి లెన్స్ దాకా వచ్చేసింది.

ఆ రాత్రి లాడ్జి గదిలో నలుగురం నాలుగు మాటలు. బావ ఫోన్‌లో వెతికి, గజ్జల్లోంచి సన్నని ట్యూబు పంపి నేరుగా కంట్లోకే మందు వేస్తారట, అదే చేయిద్దాం అన్నాడు. పెదనాన్న పక్క జిల్లాలో పసరు వేసే ఆయన సంగతి ఎత్తాడు. అక్క, ముందు కీమో ఇప్పించి చూద్దాం అంది. నాకేమో అసలు దేన్ని దేనితో పోల్చాలో కూడా తెలీదు. ఆ రాత్రి మాకు లేని కాగితం ఇది. నేను డాక్టర్ని కాను, మీ పాప కన్ను నేను చూడలేదు. చివరి మాట కంటి క్యాన్సర్ చూసే డాక్టరుదే. ఆ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో, చెప్పేదాంట్లో ఏది బరువైన మాటో తెలియడానికి ఇది పనికొస్తుంది.

## ముందు వరస తెలియాలి

ప్రాణం, కన్ను, చూపు. ఈ జబ్బుకు వైద్యం ఎక్కడ జరిగినా పాటించే వరస ఇదే. ఇంట్లోవాళ్ళం మాత్రం దీన్ని తలకిందులుగా మొదలుపెడతాం. మొదట “చూపు వస్తుందా?” అంటాం, తర్వాత “కన్ను ఉంటుందా?” అంటాం. ప్రాణం సంగతి ఎవరూ పైకి అనరు.

రెటీనా అంటే కంటి లోపలి తెర. దాంట్లో పుట్టే ఈ క్యాన్సర్ దాదాపుగా అయిదేళ్ళ లోపు పిల్లలకే వస్తుంది. పుట్టిన ప్రతి 15,000 నుంచి 20,000 మందిలో ఒకరికి వస్తుందని లెక్క. కంటి లోపలే ఉన్నంత కాలం ఇది చాలావరకు నయమయ్యే జబ్బు. మంచి వైద్యం సమయానికి అందే చోట నూటికి 95 మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. కన్ను దాటిందంటే కథ వేరు. వెనకున్న కంటి నరం వెంట మెదడుకు పాకుతుంది, లేదా రెటీనా కింది రక్తనాళాల పొరలోంచి రక్తంలో కలిసి ఎముకల మూలుగలోకి చేరుతుంది. అందుకే ఏ దారి ఎంచుకున్నా మొదటి ప్రశ్న ఒకటే: ఈ దారిలో ఉండగా జబ్బు కన్ను దాటే వీలెంత?

దీని తర్వాత తేల్చుకోవాల్సినవి ఇవి.

గ్రూప్ ఏది? కంట్లో జబ్బు ఎంత ముదిరిందో ఎ, బి, సి, డి, ఇ అని అయిదు మెట్లుగా చెప్తారు. ఎ అంటే 3 మిల్లీమీటర్లు మించని చిన్న గడ్డలు, చూపుకు కీలకమైన చోట్లకి దూరంగా ఉన్నవి. బి అంటే అంతకన్నా పెద్దవి, లేదా ఆ కీలకమైన చోట్లకి దగ్గరగా ఉన్నవి. సి, డి ల్లో గడ్డ నుంచి రాలిన క్యాన్సర్ విత్తనాలు కంట్లో తేలుతుంటాయి. సి లో ఒకచోట, డి లో కన్నంతా. ఇ అంటే కన్ను లోపల బాగా దెబ్బతినిపోయింది: గడ్డ లెన్స్‌ని తాకడం, ప్రెషర్ పెరిగి కన్ను ఉబ్బడం, లోపల రక్తం కారడం లాంటివి. రిపోర్టులో ఈ అక్షరం లేకపోతే అడిగి రాయించుకోండి.

ఒక కన్నా, రెండు కళ్ళా? పదిమందిలో ఆరుగురికి ఒక్క కన్నే. రెండో కన్ను నిక్షేపంగా ఉన్న బిడ్డకూ, రెండు కళ్ళలోనూ జబ్బున్న బిడ్డకూ లెక్కలు పూర్తిగా మారిపోతాయి.

ఆ కంట్లో చూపు మిగిలే ఆశ ఉందా? గడ్డ చూపు కేంద్రాన్ని తినేసి, రెటీనా ఊడిపోయి ఉంటే, కన్ను మిగిలినా అది కనబడేందుకు మాత్రమే.

ఎం.ఆర్.ఐ.లో కంటి నరం ఎలా ఉంది? సి.టి. స్కాన్ కన్నా ఎం.ఆర్.ఐ. మేలు. ఈ పిల్లల్లో కొందరికి పుట్టుకతోనే జన్యులోపం ఉంటుంది, వాళ్ళకి ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఎంత తక్కువ తగిలితే అంత మంచిది.

మీరు ఎన్నిసార్లు రాగలరు? దీన్ని డబ్బు మాటగా, చిన్న మాటగా తీసేయకండి. కన్ను కాపాడే వైద్యాలన్నీ మూడు నాలుగు వారాలకోసారి బిడ్డకు మత్తిచ్చి లోపల చూడటం మీదే నిలబడతాయి. రెండుసార్లు రాకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఏ క్యాన్సర్‌కైనా ముక్క తీసి పరీక్షకు పంపుతారు కదా అని ఈ కంట్లో సూది గుచ్చనివ్వకండి. ఆ రంధ్రం వెంటే క్యాన్సర్ కణాలు బయటికొస్తాయి. రెటినోబ్లాస్టోమాను కంటి లోపల చూసి, అల్ట్రాసౌండ్‌లో సున్నపు మచ్చలు చూసి తేలుస్తారు. పసిపిల్లల తెల్ల కంటిపాపను శుక్లం అనుకుని ఎవరైనా ఆపరేషన్‌కి సిద్ధమైనా ముందు స్కాన్ చేయమని పట్టుబట్టండి.

## నాలుగు దారులు పక్కపక్కన

| | కన్ను తీసేయడం | సెలైన్‌లో కీమో, తోడుగా లేజర్ | కంటి ధమనిలోకి కీమో | రేడియేషన్ ప్లాక్ |
|---|---|---|---|---|
| ఎవరికి సరిపోతుంది | ఒక కంట్లో ఇ, చూపు ఆశ లేని డి | రెండు కళ్ళలో జబ్బు, బి, సి, కొన్ని డి | ఒక కంట్లో సి, డి, తిరగబెట్టినవి | ఒకటి రెండు పరిమిత గడ్డలు |
| ఎంత కాలం | ఒక ఆపరేషన్, ఆరు నుంచి ఎనిమిది వారాలకు కృత్రిమ కన్ను | సుమారు ఆరు విడతలు, అయిదారు నెలలు | నెలకొకటి, సాధారణంగా మూడు విడతలు | రెండు చిన్న ఆపరేషన్లు, మధ్యలో కొన్ని రోజులు |
| ఆ కంటి చూపు | ఉండదు | గడ్డ ఎక్కడుందో దాన్నిబట్టి | రావచ్చు, రక్తనాళం మూసుకుంటే పోవచ్చు | గడ్డ చోటునిబట్టి |
| ఒంటి మీద దెబ్బ | మత్తు, ఆపరేషన్ వరకే | జ్వరాలు, రక్తకణాలు పడిపోవడం | తక్కువ, అయినా ఉంది | దాదాపు కంటివరకే |
| తర్వాత మత్తులో పరీక్షలు | రెండో కంటి కోసం, తక్కువ | చాలా | చాలా | చాలా |
| ఖర్చు | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్తం, ప్రయాణాలు కలిస్తే ఎక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్తం నుంచి ఎక్కువ |

ఎ గ్రూప్ వాళ్ళు ఈ పట్టికలో లేరు. చిన్న గడ్డల్ని లేజర్‌తో కాల్చో, క్రయోతో (అతి చల్లదనంతో) గడ్డకట్టించో పోగొడతారు. వాళ్ళకి ఈ తర్జనభర్జన అక్కర్లేదు.

## కన్ను తీసేయడం

ఈ వైద్యానికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. స్కాట్లండ్ సర్జన్ జేమ్స్ వార్‌డ్రాప్ 1809లోనే, ఈ జబ్బును తొందరగా గుర్తించి కన్ను తీసేస్తే బిడ్డ బతకొచ్చని రాశాడు. అప్పటికి మత్తుమందే లేదు. ఆ మాట విని ఆ తల్లిదండ్రులు ఏమనుకున్నారో గానీ, ఆయన చెప్పింది మాత్రం ఇప్పటికీ నిలబడింది.

ఇవాళ ఇది పూర్తి మత్తులో జరుగుతుంది, సుమారు గంట పని. కనుగుడ్డును చీల్చకుండా మొత్తంగా తీస్తారు. దాంతోపాటు వెనక నరాన్ని వీలైనంత పొడుగ్గా, కనీసం 10 నుంచి 15 మిల్లీమీటర్లు వచ్చేలా కోస్తారు. సర్జన్ చేయి తెలిసేది ఇక్కడే, ఎందుకంటే జబ్బు నరం వెంట పాకి ఉంటే ఆ ముక్క చివరే చెప్పాలి. రెప్పలు, కనుబొమ్మ, కనురెప్పల వెంట్రుకలు, కన్ను చుట్టూ ఎముక, ఏదీ ముట్టరు. ఖాళీ గుంటలో ఒక గుండ్రటి బంతి పెట్టి, కన్నును తిప్పే కండరాల్ని దాని మీదికి తెచ్చి పైన పొర కుడతారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. మా పాప మూడో రోజు లాడ్జి వరండాలో బంతి తంతోంది, కంటికి కట్టుతోనే. ఏడ్చింది మేమే.

లాభం సూటిగా ఉంది. జబ్బు కంటి లోపలే ఉంటే, ఒక్క దెబ్బతో అయిపోతుంది. చాలామంది పిల్లలకి తర్వాత కీమో కూడా అక్కర్లేదు. ఇంకో లాభం ఎవరూ ముందు చెప్పరు: తీసిన కన్ను ల్యాబ్‌కి వెళ్ళి, జబ్బు నిజంగా ఎంత దూరం పోయిందో కాగితం మీద తేలుతుంది. కన్ను కాపాడే దారుల్లో ఈ నిజం ఎప్పటికీ కళ్ళపడదు, ఊహించాల్సిందే.

నష్టం కూడా సూటిగానే ఉంది. ఆ కంటికి ఇక చూపు లేదు. లోతు అంచనా మొదట కొంత తగ్గుతుంది. పసిపిల్లలు దానికి ఆశ్చర్యపోయేంత తొందరగా అలవాటుపడతారు, పైగా ఇ గ్రూప్‌లో చాలామందికి ఆ కన్ను అప్పటికే కనిపించడం లేదు. రెండో కంటి మీద భారం పడి అది కూడా పాడవుతుందేమో అని మా అమ్మ భయం. అలా జరగదు. “ఎవరిదైనా దానం చేసిన కన్ను పెట్టొచ్చు కదా” అని కూడా అడుగుతారు. నేత్రదానంలో వాడేది కంటి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా మాత్రమే. 2023లో న్యూయార్క్‌లో మొత్తం కన్ను మార్పిడి చేశారు గానీ దానికి చూపు రాలేదు.

## కన్ను నిలబెట్టే దారులు

సెలైన్ ద్వారా ఇచ్చే కీమోలో సాధారణంగా మూడు మందులు: విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్, కార్బోప్లాటిన్. మూడు నాలుగు వారాలకోసారి, ఆరు విడతలు. గడ్డ కుంచించుకున్నాక మిగిలిందాన్ని లేజర్‌తో, క్రయోతో చంపుతారు. కీమో ఒక్కటీ సరిపోదు, ఈ రెండో పని చేసే చోటుకే వెళ్ళాలి. ఫిలడెల్ఫియా డాక్టర్లు 2006లో ఇచ్చిన లెక్కలో ఈ పద్ధతితో బి, సి కళ్ళలో పదింట తొమ్మిది నిలిచాయి, డి లో సగానికి కొంచెం తక్కువ. దీని బలం ఏమిటంటే మందు ఒళ్ళంతా తిరుగుతుంది కాబట్టి రెండు కళ్ళకీ ఒకేసారి పనిచేస్తుంది. బలహీనతా అదే. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం వస్తే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరిగెత్తాలి. కార్బోప్లాటిన్ వల్ల కొందరికి వినికిడి తగ్గొచ్చు, అందుకే మధ్యమధ్యలో చెవి పరీక్ష చేయించాలి.

బావ ఫోన్‌లో చూసింది ధమనిలోకి ఇచ్చే కీమో. జపాన్‌లో పుట్టిన ఆలోచనకు 2006లో న్యూయార్క్ డాక్టర్లు ఇప్పటి రూపం ఇచ్చారు. గజ్జల దగ్గర రక్తనాళంలోంచి వెంట్రుకంత ట్యూబును కంటికి వెళ్ళే ధమని మొదటికి చేర్చి, మెల్ఫలాన్ లాంటి మందును చుక్కచుక్కగా వదులుతారు. ఒంటికి తక్కువ, కంటికి ఎక్కువ. ఒక కంట్లో డి ఉన్న పిల్లలకి ఇది పెద్ద మార్పే తెచ్చింది, ఒప్పుకోవాలి. కానీ “సూది పని” అని తేలిగ్గా తీసుకోకండి. కంటి రక్తనాళం మూసుకుపోతే కన్ను నిలిచి చూపు పోతుంది, అరుదుగా పక్షవాతం లాంటిది కూడా రావచ్చు. చేయి తిరిగిన బృందం కావాలి. మూడు నాలుగు నెలలు నిండని, బరువు తక్కువున్న పసికందులకు సాధారణంగా వెంటనే చేయరు. అన్నిటికన్నా ముఖ్యంగా, జబ్బు కన్ను దాటి ఉంటే కంటిలో పోసిన మందు బయట ఉన్నదాన్ని పట్టించుకోదు.

ప్లాక్ అంటే రేడియోధార్మిక పదార్థం ఉన్న చిన్న గిన్నెలాంటి బిళ్ళ. దాన్ని గడ్డకు సరిగ్గా వెనక, కనుగుడ్డు గోడకి కుట్టి, లెక్కకట్టిన రోజులు ఉంచి తీసేస్తారు. మనదేశంలో వాడే రుథేనియం ప్లాక్‌లను భాభా అణు పరిశోధన కేంద్రం కూడా తయారుచేస్తోంది. ఒకటి రెండు మొండి గడ్డలకి మంచి ఆయుధం, కన్నంతా విత్తనాలుంటే కాదు. ఆ తేలే విత్తనాలకి కంటి జెల్లీలోకి సన్నని సూదితో మెల్ఫలాన్ ఇస్తారు. పైన సూది గుచ్చనివ్వొద్దన్నాను కదా, ఇది వేరు: సూది దిగిన చోటును తీసేటప్పుడే క్రయోతో గడ్డకట్టించే ప్రత్యేక పద్ధతిలో, ఎంచిన కళ్ళకే చేస్తారు.

బయటనుంచి తలకి రేడియేషన్ ఇచ్చే పాత పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. జన్యులోపంతో పుట్టిన పిల్లల్లో అది పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ లాంటివి పెంచుతోందని తేలాక వెనక్కి పెట్టారు. కన్ను కాపాడటానికి ఎవరైనా దీన్నే మొదట చెప్తే ఇంకోచోట అడగండి.

పసరు సంగతి రెండు ముక్కల్లో. అది అయిదో దారి కాదు, అసలు దారే కాదు. గడ్డకు ఇచ్చే గడువు, అంతే.

## మీరు ఏ ఇంటివాళ్ళో చూసుకోండి

ఒక కన్నే, గ్రూప్ ఇ, రెండోది బాగుంది: ఇక్కడ నా మాటలో తడుముకోవడం ఉండదు. తీయించండి, త్వరగా. “ముందు కీమో ఇచ్చి చూద్దాం, తగ్గకపోతే తీద్దాం” అన్నది వినడానికి మధ్యేమార్గంలా ఉంటుంది. కానీ అన్నిటికన్నా ప్రమాదమైన దారి అదే. చైనా డాక్టర్లు 2011లో ప్రచురించిన పరిశీలనలో, ఇ కళ్ళకి ముందు కీమో ఇచ్చి మూడు నెలలు దాటాక తీసినప్పుడు మరణాలు పెరిగాయి. కీమో గడ్డను చిన్నది చేయడంతోపాటు, అది పాకిన జాడల్ని కూడా చెరిపేస్తుంది. తర్వాత ల్యాబ్ రిపోర్టు “బాగానే ఉంది” అని అబద్ధం చెప్తుంది. అక్క ఆ రాత్రి అడిగింది సరిగ్గా ఇదే. పొద్దున్నే డాక్టరు గారు బొమ్మ గీసి ఇదంతా చెప్పాకే తను సంతకం పెట్టింది. (మినహాయింపు ఒకటుంది: కన్ను బయటికి ఉబికి జబ్బు గుంటలోకి వచ్చేసిన పిల్లలకి ముందు కీమోతో తగ్గించాకే తీస్తారు. అది వేరే లెక్క.)

ఒక కన్నే, గ్రూప్ డి: అసలైన తర్జనభర్జన ఇక్కడే. ధమని కీమో చేసే అనుభవమున్న కేంద్రం అందుబాటులో ఉంటే, ఖర్చు తట్టుకోగలిగితే, ఏడాదిన్నర రెండేళ్ళపాటు పిలిచినప్పుడల్లా రాగలిగితే ప్రయత్నించొచ్చు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా తీయించడం ఓటమి కాదు. “ఈ కంట్లో మిగిలే చూపు ఎంత?” అని సూటిగా అడగండి. చెయ్యి కదలిక తెలిసేంత చూపు కోసం పాతిక మత్తులు ఇవ్వడం సబబా కాదా అన్నది ఇంటింటికీ మారుతుంది. నేనైతే తీయిస్తాను. మా బావ ఇప్పటికీ ఒప్పుకోడు.

రెండు కళ్ళలోనూ ఉంటే: ఇక్కడ ప్రతి కన్నూ విలువైనదే. మామూలుగా సెలైన్ కీమోతో మొదలుపెట్టి రెండిటి తీరూ చూస్తారు. ఎక్కువ పాడైన కన్ను తీసి, రెండోదాన్ని నిలబెట్టుకునే సందర్భాలు చాలా ఉన్నాయి. రెండూ తీయాల్సి రావడం తక్కువ.

కాపాడే వైద్యం చేయించాక తిరగబెడితే: అప్పటిదాకా పెట్టిన డబ్బు, కష్టం చూసుకుని ఇంకో విడత, ఇంకో విడత అని లాగుతాం. మొదలుపెట్టిన రోజే డాక్టరుతో గీత గీసుకోండి: ఏమైతే ఆపి తీసేస్తాం అని. రాసుకుని ఫైల్లో పెట్టుకోండి.

దూరం ఊళ్ళవాళ్ళు: హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్‌కి ప్రత్యేక విభాగం ఉంది. రాయలసీమ వైపువాళ్ళకి చెన్నై శంకర నేత్రాలయ దగ్గర. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఈ వైద్యం లండన్, బర్మింగ్‌హామ్ రెండు చోట్లే. రెండో అభిప్రాయం తీసుకోండి, తప్పులేదు. వారంలో తీసుకోండి, నెలలో కాదు.

## తీయించాలని తేలాక, మీ చేతిలో ఉన్న ఎంపికలు

లోపల పెట్టే బంతి గురించి అడగండి. పిల్లల ముఖం ఎముక పెరగడానికి గుంట నిండుగా ఉండటం అవసరం. బంతి లేకుండా వదిలేస్తే ఆ వైపు లోతుగా పడిపోతుంది. ఆక్రిలిక్, సిలికాన్ బంతులు నున్నగా ఉంటాయి, చవక. హైడ్రాక్సీఅపటైట్, పోరస్ పాలిథిలీన్ అనేవి సన్నని రంధ్రాలున్నవి, ఒంటి కణజాలం వాటిలోకి అల్లుకుంటుంది, ఖరీదెక్కువ. కండరాలు బాగా కుట్టే సర్జన్ చేతిలో చవక బంతి కూడా చక్కగా కదులుతుంది, కాబట్టి డబ్బు చాలలేదని కుమిలిపోకండి. సైజు మాత్రం తగినంత ఉండాలి, సాధారణంగా 18 నుంచి 22 మిల్లీమీటర్లు.

పైన పెట్టే కృత్రిమ కన్ను వేరు. జనం ఇంకా గాజుకన్ను అంటారు గానీ మన దగ్గర చేసేది ఆక్రిలిక్‌తో. రెడీమేడ్‌వి డబ్బాలో వరసగా ఉంటాయి, దగ్గరగా ఉన్నది ఏరి పెడతారు. చవక, అదే రోజు అయిపోతుంది. కానీ అంచులు సరిగ్గా కూర్చోక పుసి పడుతుంది, చూపు ఒక పక్కకి ఉన్నట్టుంటుంది. కొలతతో చేయించేది మేలు, అందులో నాకు సందేహం లేదు. ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పెడతారు.

మా పాపది చేస్తున్నప్పుడు పక్కనే కూర్చున్నాను. గుంటలో మెత్తటి పేస్టు పోసి అచ్చు తీశారు, దాంతో మైనపు బిళ్ళ చేసి పెట్టి రెప్ప ఎంత తెరుచుకుంటోందో చూశారు. తర్వాత పాప ఎడమ కన్ను చూస్తూ సన్నని కుంచెతో రంగు వేయడం. మన కళ్ళు నలుపు అనుకుంటాం కదా. ఆయన గోధుమ రంగులు మూడు కలిపి, అంచున కొంచెం బూడిద రంగు తగిలించి, మళ్ళీ పాప గడ్డం పట్టుకుని కిటికీ వెలుగు వైపు తిప్పి చూశాడు. తెల్లగుడ్డు మీద ఎర్రటి పట్టుదారం పోగుల్ని ఒక్కొక్కటీ పట్టకారతో పరిచాడు, అవే రక్తనాళాలు. మా అక్క అప్పుడు ఏడ్చింది, ఆపరేషన్‌కి కాదు.

వాడకం కష్టం కాదు. పెట్టేటప్పుడు పై అంచు ముందు పై రెప్ప కిందికి జారాలి, తీసేటప్పుడు కింది రెప్పను లాగాలి. రోజూ తీయక్కర్లేదు, మాటిమాటికీ తీస్తేనే పుసి ఎక్కువ. తేలికపాటి సబ్బు, మామూలు నీళ్ళు చాలు. స్పిరిట్, శానిటైజర్, వేడినీళ్ళు తగలకూడదు, ఆక్రిలిక్ పాడవుతుంది. ఆరు నెలలకో ఏడాదికో పాలిష్, పిల్ల పెరిగేకొద్దీ కొత్తది.

## రిపోర్టు వచ్చే వారం

ఆపరేషన్ అయిపోగానే ఊపిరి పీల్చుకుంటాం. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగండి. అందులో చూడాల్సినవి: కంటి నరంలో జల్లెడలాంటి పొర దాటి జబ్బు వెళ్ళిందా, కోసిన చివర శుభ్రంగా ఉందా, రక్తనాళాల పొరలో 3 మిల్లీమీటర్లు, అంతకు మించి పాకిందా, తెల్లగుడ్డులోకి వచ్చిందా. వీటిలో ఏదైనా ఉంటే నివారణగా ఆరు విడతల కీమో ఇస్తారు. చివర కూడా అంటి ఉంటే ఇంకా గట్టి వైద్యం. ఏదీ లేకపోతే కీమో లేదు. కన్ను తీశాక కూడా కీమో అన్నారంటే ఆపరేషన్ తప్పు జరిగిందని కాదు. రిపోర్టు నకలు మీ దగ్గర తప్పకుండా ఉంచుకోండి.

## డబ్బు, కాగితాలు

రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఉన్నాయి, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ. మీరు ఎంచుకునే వైద్యం, ఆ ఆసుపత్రి, రెండూ పథకంలో ఉన్నాయో లేదో చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. కృత్రిమ కన్ను, లోపలి బంతి విడిగా లెక్కా అని కూడా. చాలా పెద్ద కంటి ఆసుపత్రుల్లో లేనివాళ్ళకి రాయితీ ఇచ్చే ఏర్పాటు ఉంటుంది, అడిగితేనే చెప్తారు. ఇంకో మాట: రెండో కన్ను పూర్తిగా బాగుంటే వికలాంగ ధ్రువపత్రంలో 30 శాతమే రాస్తారు, పథకాలకి కావాల్సింది 40. ఆ కాగితం మీద ఆశ పెట్టుకుని తిరక్కండి.

## రెండో కన్ను, తర్వాతి బిడ్డ

మిగిలిన కంటికి పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టించండి, పవర్ లేకపోయినా సరే. క్రికెట్ బంతి, గిల్లీదండా, దీపావళి టపాసులు, ఈ మూడింటి విషయంలో మేం కాస్త చండశాసనులం.

రక్తంలో ఆర్‌బి1 జన్యు పరీక్ష చేయించండి, పైన చెప్పిన పుట్టుకతో వచ్చే లోపం ఉండేది ఈ జన్యువులోనే. రెండు కళ్ళలో వచ్చిన పిల్లలందరికీ ఆ లోపం ఉన్నట్టే లెక్క, వాళ్ళకి పుట్టే ప్రతి బిడ్డకీ రావడానికి సగం అవకాశం. ఒక కన్నే అయినా నూటికి సుమారు 15 మందిలో ఉంటుంది. తల్లి తిన్న తిండి, గ్రహణం, దిష్టి, వీటికీ దీనికీ సంబంధం లేదు. మా అమ్మమ్మకి ఈ ముక్క చెప్పడానికే ఒక సాయంత్రం పట్టింది. పాపకి లోపం తేలితే తోబుట్టువులకి కూడా పరీక్ష, పుట్టబోయే బిడ్డకి మొదటి వారాల నుంచే కన్ను చూపించడం.

మా పాపకి లోపం లేదని తేలింది. ఇప్పుడు రెండో తరగతి. స్కూల్లో ఒకసారి ఎవరో పిల్లాడు “నీ కన్ను కదలట్లేదేంటి” అంటే, “ఇది పెయింటింగ్, నీ దగ్గర ఉందా?” అందట. మేం నేర్పిన మాట కాదు. ఇంట్లో ఎవరు ఫొటో తీసినా ఫోన్ ముందు అక్క చేతికి వెళ్తుంది. వేళ్ళతో పెద్దది చేసి ఎడమ కన్ను చూస్తుంది. ఫ్లాష్‌కి కంటిపాప ఎర్రగా ఉంటేనే ఫోన్ మళ్ళీ మాకిస్తుంది.